వానాకాలంలో అతికించిన రబ్బరు ఇనుమును ఎందుకు వదిలేస్తుంది? మధ్యలో ఉండే పలుచని పూత గురించి

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను. మడికొండలో మీకు చిన్న వర్క్‌షాప్ ఉంది. భూపాలపల్లి, రామగుండం వైపు నుంచి వచ్చే బొగ్గు కన్వేయర్ పుల్లీలకు కోల్డ్ బాండ్ గమ్‌తో (వేడి చేయకుండానే అతికే గమ్) రబ్బరు లాగింగ్, అంటే పుల్లీ చుట్టూ రబ్బరు తొడుగు, వేస్తారు. మార్చి, ఏప్రిల్‌లో చేసినవి ఏడాది దాటినా బాగానే ఉన్నాయి. జూలై, ఆగస్టులో చేసినవి మాత్రం మూడు నెలలకే అంచుల దగ్గర లేచి, ఆ తర్వాత చాప చుట్టినట్టు ఊడి వస్తున్నాయి. అదే ఇనుము, అదే గమ్, అదే మనుషులు. ఇంకా ఖరీదైన గమ్ కొనాలా, ప్రైమర్ (గమ్ కంటే ముందు ఇనుము మీద పూసే పలుచని పూత) ఇంకో కోటు వేయాలా, ఎవరో చెప్పిన సైలేన్ అనే రసాయనం మన పనికి వస్తుందా అని అడిగారు.

నేను ముప్పై ఏళ్లకు పైగా వరంగల్, కాజీపేట చుట్టుపక్కల రబ్బరును లోహానికి అతికించే పనిలోనే ఉన్నాను. పుల్లీలు, యాసిడ్ ట్యాంకుల లైనింగ్, ఇంజన్ మౌంటింగులు, కొన్నాళ్లు రైస్ మిల్లుల రబ్బరు రోల్స్. మీకు వచ్చిన కష్టం నాకూ వచ్చింది. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

గమ్ మార్చకండి. ప్రైమర్ మందం పెంచకండి. ముందు ఊడి వచ్చిన ముక్కను, దాని కింద ఉన్న ఇనుమును పక్కపక్కన పెట్టుకుని వెలుతురులో చూడండి. అతుకు ఎక్కడ విడిపోయిందో తెలియకుండా మందు మార్చడమంటే రోగం తెలుసుకోకుండా మాత్ర మింగడమే.

రబ్బరు పనివాళ్లకు ఏఎస్‌టీఎం డీ429 అనే పరీక్ష ఉంది. అందులో విడిపోయిన చోటును అక్షరాలతో గుర్తిస్తారు. రబ్బరే చినిగితే ఆర్. రబ్బరుకీ గమ్‌కీ మధ్య విడిపోతే ఆర్‌సీ. గమ్‌కీ ప్రైమర్‌కీ మధ్యనైతే సీపీ. ప్రైమర్ ఇనుమును వదిలేస్తే ఎం. ఆర్ వచ్చిందంటే మీ అతుకు రబ్బరు కంటే గట్టిది, ఇక దాని జోలికి వెళ్లనక్కర్లేదు. ఆర్‌సీ అయితే రబ్బరు వెనుక వైపు సరిగ్గా గీకలేదని, లేదా గమ్ మరీ ఆరిపోయాక అంటించారని అర్థం. సీపీ అయితే ప్రైమర్ ఆరకముందే గమ్ పూశారు, లేదంటే ప్రైమర్ మీద దుమ్ము పడింది. ఎం వస్తే మాత్రం గమ్ డబ్బాను నిందించి లాభం లేదు. తప్పు దానికంటే ముందే జరిగిపోయింది.

మీరు రాసినదాన్ని బట్టి ఇనుము అంచుల్లో ఎర్రగా తుప్పు పట్టి ఉంది, లోపలికి వెళ్లే కొద్దీ వెండి రంగులో శుభ్రంగా మెరుస్తోంది. రబ్బరు వెనుక ప్రైమర్ మొత్తం అలాగే అంటుకుని వచ్చింది. ఇది స్పష్టంగా ఎం. ఆ మెరిసే భాగాన్ని జాగ్రత్తగా గమనించండి, అసలు కథ అక్కడుంది. చాలామంది తుప్పు పట్టడం వల్ల ఊడిందనుకుంటారు. తుప్పే ముందు వచ్చి ఉంటే లోపలి భాగం కూడా ఎర్రగా ఉండాలి. నీళ్లు ముందు ప్రైమర్‌ను ఇనుము నుంచి విడదీశాయి, ఖాళీ దొరికాక తుప్పు నెమ్మదిగా వెనక వచ్చింది.

మా చోట జరిగింది కూడా చెబుతాను. నేను ఈ పనిలో చేరిన కొత్తల్లో, ఒక జూలై నెలలో పద్నాలుగు పుల్లీల ఆర్డరు వచ్చింది. పంపే ముందు ప్రతి పుల్లీ మీదా అంచున అంగుళం పట్టీ కోసి స్ప్రింగ్ బ్యాలెన్స్‌తో లాగి చూశాం. రబ్బరు చినిగింది కానీ అతుకు ఊడలేదు. అందరం సంతోషపడ్డాం. దసరా నాటికి తొమ్మిది పుల్లీలు తిరిగి వచ్చాయి. ఓనరు గమ్ కంపెనీ మీద మండిపడ్డారు. నేను రాత్రీ పగలూ టెన్షన్‌తో డబ్బాల మీది బ్యాచ్ నంబర్లు చూస్తూ కూర్చున్నాను. బ్లాస్టింగ్ (గ్రిట్ అనే గరుకు రవ్వను కంప్రెసర్ గాలితో కొట్టి ఇనుమును శుభ్రం చేసే పని) దగ్గర పనిచేసే ఒక పెద్దాయన, మేమంతా కాక అని పిలిచేవాళ్లం, అప్పుడే బ్లాస్టింగ్ అయిన కొత్త షెల్ (పుల్లీ ఇనుప డొల్ల) మీద చెంబెడు నీళ్లు పోసి నన్ను పిలిచాడు. "నీళ్లు పరుచుకుంటలేవు సారూ, ముత్యాలోలె జారుతున్నయ్. నూనె ఉన్నట్టున్నది, సూడుండ్రి" అన్నాడు.

కంప్రెసర్ గాలిలోంచి నూనె వస్తోంది. కంటికి ఇనుము బూడిద రంగులో, అద్భుతంగా కనిపిస్తోంది. కానీ దాని మీద సన్నని నూనె పొర. దానికి తోడు సాయంత్రం బ్లాస్టింగ్ చేసి, మర్నాడు ఉదయం ప్రైమర్ పూసేవాళ్లం. ఎండాకాలంలో ఈ రెండు తప్పులూ దాగిపోయాయి, వానాకాలం రెండింటినీ బయటపెట్టింది.

ఇంట్లో ఇత్తడి బిందెను చింతపండుతో తోమినప్పుడు చూడండి. చింతపండు పులుపు పైనున్న చిలుమును కరిగించాక, కడిగిన నీళ్లు బిందెంతా ఒకే పొరలా పరుచుకుంటాయి. అదే నూనె అంటిన గిన్నె మీద చుక్కలు చుక్కలుగా విడిపోతాయి. నీళ్లు పరుచుకోని చోట ప్రైమర్ కూడా పరుచుకోదు. పరుచుకోనిది పట్టుకోదు. లెక్కలో చెప్పాలంటే నీటి తలతన్యత మీటరుకు దాదాపు 72 మిల్లీన్యూటన్లు, ఎపాక్సీలాంటి జిగురు రెజిన్లకు 40 నుంచి 45. శుభ్రమైన లోహపు ఆక్సైడ్ ఉపరితల శక్తి వీటికి ఎన్నో రెట్లు, కాబట్టి దేన్నైనా లాక్కుంటుంది. నూనె పొర పడిందంటే అది 30 దగ్గరికి పడిపోతుంది. అప్పుడు మీరు ప్రైమర్ పూస్తున్నది ఇనుము మీద అనుకుంటారు, నిజానికి మైనం మీద పూసినట్టే.

ఇప్పుడు నీటి సంగతి. నాకు ఈ విషయం అర్థం కావడానికి పదేళ్లు పట్టింది, మీకు అంతకాలం పట్టకూడదు.

రబ్బరు, ఎపాక్సీ, ఏ ప్లాస్టిక్ అయినా నీటిని పూర్తిగా ఆపలేదు. నెమ్మదిగా అయినా తేమ దానిలోంచి, అంచుల్లోంచి లోపలికి వెళ్తూనే ఉంటుంది. అది ఇనుము దగ్గరికి చేరాక ఏమవుతుంది? బ్రిటన్‌లో కిన్‌లాక్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1970లలో దీన్ని లెక్క కట్టారు. ఎపాక్సీకీ ఇనుప ఆక్సైడ్‌కీ మధ్య అతుకును విడదీయడానికి పొడిగా ఉన్నప్పుడు చదరపు మీటరుకు 291 మిల్లీజౌళ్ల పని చేయాలి. అదే అతుకు నీళ్లలో ఉంటే ఆ సంఖ్య మైనస్ 255. మైనస్ అంటే లాగాల్సిన పనే లేదు, అతుకు విడిపోవడమే ప్రకృతికి ఇష్టం. ఇనుముకు ఎపాక్సీ కంటే నీరే దగ్గరి చుట్టం. రబ్బరు ప్రైమర్‌కు అంకెలు వేరుగా ఉంటాయి గానీ, ఇనుముకూ పూతకూ మధ్య ఉన్నది మామూలు ఆకర్షణ మాత్రమే అయితే కథ ఇదే.

మేం పంపే ముందు లాగి చూసిన పరీక్ష అందుకే పనికిరాలేదు. పొడిగా ఉన్నప్పుడు మంచి అతుకూ చెడ్డ అతుకూ ఒకేలా కనిపిస్తాయి.

విమానాల వాళ్లు ఈ పాఠాన్ని చాలా బాధతో నేర్చుకున్నారు. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 గాల్లో ఉండగా పైకప్పులో పెద్ద భాగం ఊడిపోయింది. ఒక ఎయిర్ హోస్టెస్ చనిపోయారు. ఆ విమానం రేకుల అతుకుల్లో ఎపాక్సీ, రివెట్లు రెండూ ఉన్నాయి. కాలక్రమంలో అతుకులు వదిలేశాయి, తేమ, తుప్పు చేరాయి, భారం రివెట్ల మీద పడి రంధ్రాల దగ్గర పగుళ్లు పుట్టాయి. అంతకుముందే, 1970లలో, బోయింగ్ కంపెనీ ఫాస్ఫారిక్ యాసిడ్‌లో అల్యూమినియంను అనోడైజ్ చేసే (కరెంటుతో పైన ఆక్సైడ్ పొర పెంచే) పద్ధతి తెచ్చింది. దానితో పైన సూక్ష్మ రంధ్రాలున్న, మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడి, ప్రైమర్ దానిలోకి ఇంకి వేళ్లూనుతుంది. గమ్ కంటే ఆ పొర నాణ్యతే అతుకు ఆయుష్షును నిర్ణయిస్తుందని వాళ్లకు తేలింది.

అంటే మన పని లోహానికీ రబ్బరుకీ మధ్య ఒక మధ్యవర్తిని పెట్టడం. ఆ మధ్యవర్తికి ఒక చెయ్యి లోహంతో, ఇంకో చెయ్యి రబ్బరుతో నీటికి లొంగని బంధం కలపాలి. అది ఎంత పలుచగా ఉంటే అంత మంచిది. మనవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్లు గిన్నెను కాల్చి, నవసాగరం చల్లి, తగరం రుద్ది, దూదితో ఒక్క తుడుపు తుడుస్తారు. నవసాగరం లోహం మీది ఆక్సైడ్‌ను తీసేస్తుంది. ఆ వేడిలో, ఆ క్షణంలోనే తగరం పట్టాలి. ఆలస్యమైతే మళ్లీ ఆక్సైడ్ వస్తుంది, తగరం ముద్దలు కడుతుంది. ఎక్కువ తగరం వేస్తే గట్టిగా ఉంటుందని ఏ కళాయి మనిషీ అనుకోడు.

ఇత్తడి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. జనగామ దగ్గర పెంబర్తి ఇత్తడి పని మనకందరికీ గర్వకారణం. ఆ ఇత్తడే లారీ టైరు లోపల ఇంకో అద్భుతం చేస్తోంది. టైరులో ఉండే ఉక్కు తీగల మీద ఇత్తడి పూత ఉంటుంది, మందం 0.2 నుంచి 0.3 మైక్రాన్లు. మన వెంట్రుక దాదాపు 70 మైక్రాన్లు, పోల్చి చూడండి. రబ్బరును ఉడికించేటప్పుడు అందులోని గంధకం ఇత్తడిలోని రాగితో కలిసి కాపర్ సల్ఫైడ్ అవుతుంది. అది సన్నని కొమ్మల్లా రబ్బరులోకి పెరిగి అల్లుకుపోతుంది. గమ్ లేదు, ప్రైమర్ లేదు. కానీ ఇత్తడిలో రాగి ఎక్కువైనా, పూత మందమైనా సల్ఫైడ్ పొర అతిగా పెరిగి పెళుసుగా మారి లోపలే విరుగుతుంది. మరీ తక్కువైతే బంధమే ఏర్పడదు. పలుచగా ఉండాలి అని నేను పదే పదే అనడం పొదుపు కోసం కాదు. మధ్యపొర మందమయ్యే కొద్దీ అదే గొలుసులో బలహీనమైన లంకె అవుతుంది.

మీ ప్రైమర్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. వేడితో ఉడికించే రబ్బరు పనిలో వాడే చెమ్‌లోక్ బ్రాండు లాంటి రెండు కోట్ల పద్ధతుల్లో ప్రైమర్ ఆరాక 5 నుంచి 10 మైక్రాన్లు, పై కోటు దాదాపు 13 నుంచి 25 మైక్రాన్లు ఉండాలంటారు. మీ కోల్డ్ బాండ్ ప్రైమర్‌కు డబ్బా మీద ఏ కొలత ఉందో అదే పాటించండి. మందంగా పూస్తే పైన చర్మం కట్టి, లోపల సాల్వెంట్ చిక్కుకుపోతుంది. వారం తర్వాత కూడా అక్కడ మెత్తగానే ఉంటుంది. రెండో కోటు ప్రైమర్ వేస్తే మీ సమస్య ఎం నుంచి సీపీకి మారుతుంది, అంతే.

ఇంక మీ అసలు ప్రశ్న, ఎండాకాలానికీ వానాకాలానికీ తేడా ఎందుకు? దీనికి మంచు బిందు ఉష్ణోగ్రత తెలియాలి, డ్యూ పాయింట్ అంటారు. గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత అది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉందనుకోండి. డ్యూ పాయింట్ 14 డిగ్రీలు. మీ ఇనుము దానికంటే చాలా వేడిగా ఉంటుంది, భయం లేదు. ఆగస్టులో 28 డిగ్రీలు, తేమ 85 శాతం ఉన్న రోజున డ్యూ పాయింట్ 25 డిగ్రీలు. పెయింట్ పనిలో అందరూ పాటించే నియమం, లోహం డ్యూ పాయింట్ కంటే కనీసం 3 డిగ్రీలు వేడిగా ఉండాలి. అంటే ఆ రోజు ఇనుము గాలంత వేడిగా ఉన్నా సరిగ్గా అంచు మీదే ఉన్నారు. కానీ పుల్లీ షెల్ బరువైన ఇనుము. రాత్రి చల్లబడి, ఉదయం పది దాటినా చల్లగానే ఉంటుంది. చెయ్యి పెడితే పొడిగా అనిపిస్తుంది, నిజానికి దాని మీద నీటి పొర ఉంటుంది. మీరు దాని మీద ప్రైమర్ పూస్తున్నారు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. గమ్ పూశాక సాల్వెంట్ ఎగిరిపోయేటప్పుడు వేడిని లాక్కుంటుంది, చేతికి స్పిరిట్ రాస్తే చల్లగా అనిపించినట్టు. అప్పుడు గమ్ పైభాగం గది కంటే చల్లబడి, దాని మీదే మంచు పడుతుంది. గమ్ కాస్త తెల్లబారినట్టు కనిపిస్తే అదే. ఆ కోటు మీద రబ్బరు అంటించకండి. హీటర్ దగ్గర ఆరబెట్టి ఇంకో పలుచని కోటు పూసి అప్పుడు అంటించండి. గమ్ గట్టిపడడానికి కలిపే హార్డెనర్‌లో ఉండే ఐసోసయనేట్ అనే రసాయనం కూడా తేమను చూస్తే దానితోనే కలిసిపోతుంది, బుడగలు వస్తాయి, అతుకుకు మిగిలేది తగ్గుతుంది. మూత తీసి వదిలేసిన హార్డెనర్ సీసాను వానాకాలంలో నమ్మొద్దు.

వానాకాలంలో నేను చేసే పని వరసగా చెబుతాను.

పుల్లీ గని నుంచి వస్తే ముందు నీళ్లతో ప్రెషర్ వాష్ చేసి ఆరబెట్టండి. బొగ్గులో గంధకం ఉంటుంది, గని నీళ్లలో సల్ఫేట్లు ఉంటాయి. పాత తుప్పు గుంటల్లో అవి దాక్కుంటాయి. బ్లాస్టింగ్ అయ్యాక తెల్లగా కనిపించిన ఇనుము మీద రెండు గంటల్లో నల్లని చుక్కలు తేలితే ఆ ఉప్పులు ఇంకా ఉన్నట్టే. మళ్లీ కడగాలి, మళ్లీ బ్లాస్ట్ చేయాలి. ఈ చుక్కల మీద ఎంత మంచి ప్రైమర్ పూసినా, ఉప్పు నీటిని లోపలికి లాగి బొబ్బలు తెప్పిస్తుంది.

తర్వాత సాల్వెంట్‌తో తుడవడం, బ్లాస్టింగ్ కంటే ముందే. నూనె మీద గ్రిట్ కొడితే నూనె పోదు, ఇనుములోకి దిగుతుంది. రెండు బట్టలు కావాలి, ఒకటి తడిపేది, ఇంకొకటి పొడిగా తుడిచేది. ఒకే కాటన్ వేస్ట్‌తో నాలుగు పుల్లీలు తుడిస్తే మొదటిదాని నూనె నాలుగోదానికి చేరుతుంది. పెట్రోలు వద్దు, అది ఆరాక జిడ్డు మిగులుస్తుంది, మంట ప్రమాదం వేరే.

బ్లాస్టింగ్‌కు స్టీల్ గ్రిట్ గానీ అల్యూమినా గానీ వాడండి. మానేరు ఇసుక చవక అని వాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి వద్దు. ఇసుక పగిలినప్పుడు వచ్చే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి మందు లేదు. నాతో పనిచేసిన ఒకరు నలభై దాటకముందే నాలుగు మెట్లు ఎక్కలేని స్థితికి వచ్చారు. ఆ దగ్గు నాకు ఇంకా వినిపిస్తుంది. గ్రిట్‌ను కూడా అప్పుడప్పుడు పరీక్షించాలి. పిడికెడు తీసి గాజు సీసాలో మంచి నీళ్లు పోసి ఊపండి, పైన నూనె తెట్టు తేలితే ఆ గ్రిట్ పనికిరాదు. కంప్రెసర్ గాలిని తెల్ల బట్ట మీద ఒక నిమిషం వదలండి, మరక పడితే ముందు ఫిల్టరు మార్చండి. ఎస్‌ఏ 2½ స్థాయి శుభ్రత (తుప్పు, పాత పూత దాదాపు పూర్తిగా పోయిన స్థితి), 40 నుంచి 75 మైక్రాన్ల గరుకు ఉంటే చాలు. మరీ గరుకు చేస్తే కొనలు ప్రైమర్‌లోంచి బయటికి పొడుచుకొస్తాయి.

బ్లాస్టింగ్ అయిన గంటలోపు ప్రైమర్ పడాలి. దీన్ని నేను రాజీ లేని నియమంగా పెట్టుకున్నాను. ఉదయం తేమ ఎక్కువ కాబట్టి పదకొండు తర్వాత మొదలుపెట్టి, నాలుగింటికి ముగించండి. షెల్‌ను హాలోజన్ లైట్లతోనో హీటర్‌తోనో గది కంటే పది డిగ్రీలు వేడి చేసి ఉంచండి. ప్రైమర్ డబ్బా తెరిచాక మాత్రం మంట, నిప్పురవ్వ దగ్గర ఉండకూడదు. మీ షెడ్డులో ఒక మూల ప్లైవుడ్‌తో చిన్న గది కట్టి, పాత ఏసీ ఒకటి పెడితే తేమ చాలా తగ్గుతుంది. మేం అదే చేశాం. గోడకు తేమ మీటరు తగిలించండి. 80 శాతం దాటిన రోజు గమ్ పని ఆపేసి, బుషింగులో ఫిట్టింగో చేసుకోండి. గని వాళ్లు ఎంత తొందరపెట్టినా ఆ మాట నిలబెట్టుకోండి, ఊడిన పుల్లీకి వాళ్లు మిమ్మల్నే అడుగుతారు.

అంటించాక అంచులు వదిలేయకండి. నీరు ఎక్కువగా వచ్చేది అంచు నుంచే. రబ్బరు అంచును ఏటవాలుగా కోసి, గమ్‌తో సీలు చేయాలి. మీ పుల్లీలన్నీ అంచు నుంచే లేస్తున్నాయని మీరే రాశారు.

సైలేన్ గురించి. మంచి ప్రశ్న అడిగారు, ఎందుకంటే మధ్యవర్తి అనే మాటకు సరైన ఉదాహరణ అదే. గాజు నారను పాలిస్టర్ రెజిన్‌లో వాడడం మొదలైనప్పుడు తడి తగలగానే బలం పడిపోయేది. ఆ సమస్యకు పరిష్కారంగా సైలేన్లు వచ్చాయి. సైలేన్ అణువుకు ఒక చివర సిలికాన్ చుట్టూ నీటితో విడిపోయే గుంపులు ఉంటాయి. అవి లోహం మీది ఆక్సైడ్‌తో ఆక్సిజన్ ద్వారా బంధం కడతాయి. రెండో చివర ఎపాక్సీతోనో, పాలీయురిథేన్‌తోనో, కొన్ని రకాల్లో గంధకం ఉంటే రబ్బరుతోనో కలుస్తుంది. గాజు, అల్యూమినియం మీద చాలా బాగా పనిచేస్తుంది. ఇనుము మీద అంత కాదు. జింక్, నికెల్ మీద ఇంకా తక్కువ.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ కోల్డ్ బాండ్ లాగింగ్‌కు ఇప్పుడే సైలేన్ అక్కర్లేదు. ఆ గమ్ కంపెనీ మెటల్ ప్రైమర్ ఆ గమ్ కోసమే తయారైంది. దాని కింద ఇంకోటి పెడితే ఏది దేనితో కలుస్తుందో మీ చేతిలో ఉండదు. కానీ మీరు అల్యూమినియం భాగాలకు ఎపాక్సీ అతుకులు చేస్తున్నా, ట్రాలీ చక్రాల మీద పాలీయురిథేన్ పోస్తున్నా సైలేన్ నేర్చుకోవడం చాలా విలువైన పని.

ఎలా చేయాలో రాస్తాను. ఎపాక్సీ సైలేన్ అని అడగండి. నూటికి ఒక భాగం చాలు. నీళ్లు డిస్టిల్డ్ వాటర్ అయి ఉండాలి, బ్యాటరీకి పోసేది దొరుకుతుంది. మన బోరు నీళ్లు వద్దు, అందులో ఉప్పులు ఆరాక అతుకు కిందే మిగిలిపోతాయి. అసిటిక్ యాసిడ్ చుక్కలతో పీహెచ్ 5 దగ్గరికి తెచ్చి, గంటసేపు కలుపుతూ ఉండాలి. మొదట నూనె చుక్కల్లా తేలేది కరిగి నీళ్లు తేటగా మారతాయి. అప్పుడే బ్లాస్ట్ చేసిన భాగాన్ని ఆ నీళ్లతో పది పదిహేను నిమిషాలు తడిగా ఉంచి, కారనిచ్చి, 100 నుంచి 110 డిగ్రీల వేడిలో గంటసేపు ఆరబెట్టాలి. ఇక్కడ 110 అంటే ఓవెన్ గాలి కాదు, లోహం వేడి. అదే రోజు గమ్ పూసేయాలి. మిగిలిన ద్రావణాన్ని మర్నాటికి దాచకండి, అది తనలో తానే గడ్డకడుతుంది. పూత మీద తెల్లని పొడి గానీ ఇంద్రధనుస్సు రంగులు గానీ కనిపిస్తే మందమైంది, తీసేసి మళ్లీ చేయాలి. గ్లవ్స్ వేసుకోండి, గాలి ఆడే చోట చేయండి, ఆ చర్యలో మిథనాల్ వస్తుంది.

జింక్ ఫాస్ఫేటింగ్ (ఇనుము మీద ఫాస్ఫేట్ స్ఫటికాల పొర కట్టించడం) చిన్న చిన్న మౌల్డింగ్ భాగాలకు బాగుంటుంది, పుల్లీ సైజుకు ట్యాంకు కట్టలేరు. చేయించినా సన్నని గింజ కావాలని చెప్పండి, పెద్ద స్ఫటికాలు మధ్యలోనే విరుగుతాయి. క్రోమేట్ పూత ఎవరైనా చవగ్గా చేసిపెడతామంటే వద్దనండి. అందులో ఉండే ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం. అల్యూమినియంకు దాని బదులు జిర్కోనియం, టైటానియం పూతలు వచ్చేశాయి, పదుల నానోమీటర్ల మందమే ఉంటాయి.

చివరగా పరీక్ష. మీరు ఇప్పుడు చేస్తున్న పొడి లాగుడు ఆపొద్దు, కానీ దాన్ని మాత్రమే నమ్మొద్దు. ప్రతి బ్యాచ్‌తో పాటు అదే ఇనుము ముక్కలు ఆరు తీసుకుని, అదే రోజు, అదే చేతులతో అతికించండి. వాటిలో రెండింటిని పొడిగా ఉంచండి. నాలుగింటిని అంచున కాస్త విప్పి, ఆ రబ్బరు కొసకు బరువు వేలాడదీసి, 60 డిగ్రీల నీళ్లలో ముంచండి. బరువు ముఖ్యం. నీరు, వేడి, లాగుడు మూడూ కలిసినప్పుడే బలహీనత బయటపడుతుంది. రోజూ ఎంత దూరం విడిపోయిందో పెన్సిల్ గీత గీసి రాసుకోండి. వారంలో మంచి అతుకు, చెడ్డ అతుకు స్పష్టంగా వేరవుతాయి. వేడితో ఉడికించిన రబ్బరు అయితే మరిగే నీళ్లలో రెండు కిలోల బరువుతో రెండు గంటలు చూస్తారు. మీ కోల్డ్ బాండ్‌కు అది చేయకండి, ఆ వేడికి మంచి గమ్ కూడా మెత్తబడుతుంది, తప్పుడు సమాధానం వస్తుంది.

మొదటి బ్యాచ్‌లో ఒక్కటే మార్చి చూడండి. సగం ముక్కలు మీరు ఇప్పుడు చేసే పద్ధతిలోనే, మిగతా సగం వేడి చేసిన ఇనుము మీద, బ్లాస్టింగ్ అయిన గంటలోపు ప్రైమర్‌తో. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు.

ఇంకొక సాయం అడుగుతున్నాను. ఊడిన రబ్బరు వెనుక వైపు, దాని కింద ఇనుము, రెండూ ఒకే ఫోటోలో వచ్చేలా పగటి వెలుతురులో తీసి ఇక్కడ పెట్టండి. అంచు నుంచి మెరిసే భాగం ఎన్ని సెంటీమీటర్లు ఉందో స్కేలు పెట్టి చూపించండి, పుల్లీ ఏ తేదీన చేశారో, ఎప్పుడు ఊడిందో రాయండి. అది చూస్తే నీరు ఏ వేగంతో లోపలికి నడిచిందో చెప్పగలను.